పక్షవాతమున మెదడు స్కానింగు: చెప్పునది, చెప్పనిది

హైదరాబాదు నగరపు తూర్పు భాగమున, మలకపేట దాటిన పిదప మూసారాంబాగు, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ కూడలి వరకు సాగు పెద్ద బాట విజయవాడకు పోవు జాతీయ రహదారిలో ఒక భాగము. 2018 సెప్టెంబరు నుండి ఈ బాట మీదుగా ఎత్తైన స్తంభములపై మెట్రో రైలు కూడ నడచుచున్నది. బాటకు ఇరువైపుల బట్టల దుకాణములు, శిక్షణ కేంద్రములు, వాటి నడుమ ఆసుపత్రులు, రోగనిర్ణయ కేంద్రములు కానవచ్చును. నల్లగొండ, సూర్యాపేటల వైపు నుండి నగరమునకు వైద్యము కొరకు వచ్చు రోగులకు ఎల్.బి.నగర్ కూడలి నగరద్వారము వంటిది.

ఈ ప్రాంతముననే గాక అన్ని చోట్లను ప్రజలలో ఒక నమ్మకము స్థిరపడినది. మెదడు స్కానింగు తీయించినచో పక్షవాతమును ప్రారంభ దశలోనే పట్టుకొనవచ్చునని, స్కానింగులో ఏమియు కనబడనిచో భయపడవలసిన పని లేదని ఆ నమ్మకము. ఇందులో మొదటి భాగము సగము నిజము. రెండవ భాగము ప్రమాదకరమైన పొరపాటు. స్కానింగు వలన కలుగు మేలు చిన్నది కాదు. కాని అది ఏ ప్రశ్నకు జవాబు చెప్పునో, ఏ ప్రశ్నకు చెప్పజాలదో తెలియనివారి చేతిలో ఆ మేలు నిరుపయోగమగును. అందుచేత ఈ నమ్మకమును మాట మాటగా విడదీసి పరీక్షించుట అవసరము.

పేరులోనే ఉన్న చిక్కు

మానవుని మెదడు బరువు శరీరపు బరువులో సుమారు 2 శాతము. కాని శరీరము వినియోగించు ప్రాణవాయువులో సుమారు 20 శాతము దానికే కావలెను. కండరముల వలె మెదడు తనకు కావలసిన ఇంధనమును నిలువ చేసికొనజాలదు. గుండె నుండి రక్తము నిరంతరము అందుచుండిననే అది పనిచేయును. మెదడులోని ఒక రక్తనాళము పూడినను, పగిలినను, ఆ నాళము పోషించు భాగము పని ఉన్నట్లుండి నిలిచిపోవును. దీనినే వైద్యులు స్ట్రోకు అందురు. తెలుగు వాడుకలో దీనికి పక్షవాతమని పేరు.

పక్షమనగా ఒక ప్రక్క. శరీరములో ఒక ప్రక్క చచ్చుబడుట ఈ వ్యాధిలో సాధారణమే గాని, అన్ని స్ట్రోకులలోను అది ఉండదు. మాట పడిపోవుట, ఎదుటివారి మాట అర్థము కాకపోవుట, చూపులో ఒక సగము మాయమగుట, నడకలో అకస్మాత్తుగా తూలిపోవుట కూడ స్ట్రోకు లక్షణములే. చేయి కాలు ఆడుచున్నవి గనుక ఇది పక్షవాతము కాదని ఇంటివారు నిర్ణయించుకొని ఉదయము వరకు వేచియుండుటకు ఈ పేరు కూడ ఒక కారణము. వాతమను మాట విన్నంతనే తైలమర్దనము తలపునకు వచ్చుట మరియొక కారణము. వ్యాధి మెదడులో ఉండగా నూనె చేతికి రాయుట వలన గడచిపోవునది కాలము మాత్రమే.

ఈ వ్యాధిలో ముఖ్యముగ రెండు రకములు కలవు. రక్తపు గడ్డ అడ్డుపడి నాళము పూడిపోవుట మొదటిది. నాళము పగిలి రక్తము మెదడులోనికి గాని, మెదడును కప్పియుండు పొరల క్రిందికి గాని చిమ్ముట రెండవది. 2019 నాటి ప్రపంచ అంచనాలలో కొత్తగా వచ్చిన పక్షవాతములలో మొదటి రకము సుమారు 62 శాతము, మెదడులోనే రక్తస్రావమగునది 28 శాతము, పొరల క్రింద స్రావమగునది 10 శాతము.

రోగి మంచము ప్రక్కన నిలిచి చూచినచో ఈ రెండు రకములకు భేదము తెలియుట కష్టము. మూతి వంకర పోవుట, చేయి వాలిపోవుట, నాలుక మడత పడుట రెండింటను కలవు. కాని చికిత్సలు ఒకదానికొకటి విరుద్ధములు. గడ్డను కరిగించు మందు మొదటి రకమునకు ప్రాణదానము చేయగలదు. అదే మందు రెండవ రకములో ఇచ్చినచో రక్తస్రావము హెచ్చి ప్రాణము మీదికి వచ్చును. కనుక మందు ఇచ్చుటకు ముందు పుఱ్ఱె లోపల రక్తము చిమ్మినదా లేదా అను ప్రశ్నకు తప్పక జవాబు కావలెను. స్కానింగు చేయవలసిన మొదటి పని ఇదే.

సీటీ స్కాను చూచునది

1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మార్లే ఆసుపత్రిలో మొట్టమొదటిసారిగా ఒక రోగి మెదడును సీటీ యంత్రముతో చిత్రించిరి. గ్రామఫోను రికార్డులకు పేరొందిన ఇ.ఎం.ఐ. సంస్థలో ఇంజనీరుగా నున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు ఈ యంత్రమును నిర్మించెను. దీనికి కావలసిన గణితమును అంతకు ముందే వేరుగా సాధించిన అలన్ కార్మాక్‌నకు, హౌన్స్‌ఫీల్డునకు కలిపి 1979లో నోబెల్ బహుమానము లభించినది. అంతకు పూర్వము మెదడు ఆకృతిని తెలిసికొనుటకు వెన్నులోని ద్రవమును తీసి, ఆ స్థానమున గాలి నింపి ఎక్స్-రే తీయువారు. రోగికి అది మిక్కిలి బాధాకరము. ఆ బాధను తొలగించినందుకే సీటీ యంత్రమునకు వైద్యలోకము ఎంతయో ఋణపడి యున్నది.

సీటీ యంత్రము తల చుట్టు ఎక్స్-కిరణములను త్రిప్పుచు, ఏ వైపున ఎంత కిరణము లోపలనే నిలిచిపోయినదో కొలుచును. ఆ కొలతలనుండి కంప్యూటరు తలను పొరలు పొరలుగా చిత్రించును. ప్రతి బిందువునకు ఒక అంకె లభించును. ఆ కొలమానములో నీటికి 0, గాలికి -1000. మెదడులోని బూడిదరంగు పదార్థమునకు సుమారు 35 నుండి 40. అప్పుడే చిమ్మి గడ్డకట్టిన రక్తమునకు 60, అంతకు పైన. ఈ వ్యత్యాసము పెద్దది గనుక క్రొత్త రక్తస్రావము సీటీ చిత్రములో తెల్లని మచ్చగా వెంటనే కనబడును.

గడ్డ వలన రక్తము అందక చెడుచున్న భాగము సంగతి వేరు. ఆ భాగములోనికి నీరు నెమ్మదిగా చేరి, దాని సాంద్రత తగ్గిన తరువాతనే అది చిత్రములో నల్లబడును. కణజాలములో నీరు 1 శాతము పెరిగినను పై కొలమానములో రెండు మూడు అంకెల తగ్గుదల మాత్రమే కలుగును. మొదటి గంటలలో ఈ మార్పు కంటికి ఆనుట కష్టము. అనుభవము గల వైద్యుడు బూడిదరంగు, తెలుపు పదార్థముల నడుమ హద్దు చెరిగిపోవుట, పూడిన ధమని సన్నని తెల్లని గీతగా కనబడుట వంటి సూక్ష్మ చిహ్నములను పట్టగలడు. అవి లేని రోగులును అనేకులు.

అందువలన మొదటి గంటలలో తీసిన సీటీ చిత్రము మామూలుగా ఉన్నదనగా పక్షవాతము లేదని అర్థము కాదు. రక్తము చిమ్మలేదని మాత్రమే అర్థము. మూతి వంకర పోయి, మాట తడబడుచున్న మనిషికి సీటీ మామూలుగా ఉన్నచో అది ఇంటికి పంపుటకు కారణము కారాదు. గడ్డను కరిగించు మందు ఇచ్చుటకు దారి తెరచుకొన్నదని గ్రహింపవలెను. సామాన్యుడు నిశ్చింతగా ఊపిరి పీల్చుకొను ఆ క్షణముననే వైద్యుడు తొందరపడవలసి యున్నది. ప్రజల నమ్మకమునకు, విజ్ఞానమునకు గల అంతరమంతయు ఇక్కడనే కలదు.

దీనికి చరిత్రయే సాక్ష్యము. గడ్డను కరిగించు ఆల్టెప్లేస్ అను మందు పక్షవాతములో మేలు చేయునని 1995లో అమెరికాలో 624 మంది రోగులపై జరిగిన పరిశోధన నిరూపించినది. వ్యాధి మొదలైన 3 గంటలలోపల ఆ మందు పొందినవారు, మందు పొందనివారికన్న, మూడు నెలల తరువాత వైకల్యము లేకుండ గాని, స్వల్ప వైకల్యముతో గాని ఉండు అవకాశము కనీసము 30 శాతము హెచ్చుగా కనబడినది. ఆ రోగులకు మందుకు ముందు తీసినది సాధారణమైన సీటీ చిత్రమే. రక్తస్రావము లేదని చూచుకొని, రోగి లక్షణములను బట్టి వ్యాధిని నిర్ణయించి మందు ఇచ్చిరి. 2008లో ఐరోపాలో జరిగిన మరియొక పరిశోధన ఈ గడువును 4½ గంటలకు పెంచినది. అనగా వ్యాధిని గుర్తించినది వైద్యుని కన్ను, ఇంటివారు చెప్పిన సమయము. సీటీ స్కాను చేసినది ప్రమాదమును తొలగించుట.

ఎం.ఆర్.ఐ. బలము, బలహీనత

అట్లయినచో సీటీని విడచి ఎం.ఆర్.ఐ. తీయించరాదా అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. ఎం.ఆర్.ఐ. యంత్రములో ఎక్స్-కిరణములు లేవు. బలమైన అయస్కాంత క్షేత్రమున శరీరములోని నీటి అణువులలో గల ఉదజని కేంద్రకములు ఇచ్చు రేడియో సంకేతములనుండి చిత్రము తయారగును. ఆసుపత్రులలో సాధారణముగ వాడు 1.5 టెస్లా అయస్కాంతము భూమి అయస్కాంత క్షేత్రముకన్న 30,000 రెట్లకు పైగా బలమైనది.

ఇందులో వ్యాపన చిత్రణమను ఒక ప్రత్యేక పద్ధతి కలదు. నీటి అణువులు ఎడతెగక అటునిటు కదలుచుండును. రక్తము అందని మెదడు కణములలో శక్తి తరిగి, ఉప్పును బయటికి పంపు యంత్రాంగము ఆగిపోవును. అప్పుడు నీరు కణముల లోపలికి చొచ్చి అవి ఉబ్బును. ఇరుకున పడిన నీటి కదలిక తగ్గును. ఎం.ఆర్.ఐ. ఈ కదలిక తగ్గుటను నిమిషముల వ్యవధిలోనే ప్రకాశవంతమైన మచ్చగా చూపగలదు. సీటీ చిత్రము నీరు చేరువరకు వేచియుండవలెను. ఎం.ఆర్.ఐ. నీరు నిలిచిపోయిన వెంటనే గుర్తించును. 1990లో అమెరికాలో మైకేల్ మోస్లీ మొదలగువారు పిల్లులపై ప్రయోగములు చేసి ఈ సంగతిని నిరూపించిరి.

మనుష్యులలో ఈ రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన పోల్చిన పరిశీలన 2007లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడినది. పక్షవాతమను అనుమానముతో వచ్చిన 356 మందికి రెండు స్కానింగులును తీసిరి. చివరకు పక్షవాతమేనని తేలినవారు 217 మంది. వారిలో ఎం.ఆర్.ఐ. 181 మందిలో వ్యాధిని చూపెను. సీటీ 56 మందిలో మాత్రమే చూపెను. అనగా 83 శాతము, 26 శాతము. కంటికి కనబడుటయే ప్రమాణమైనచో ఎం.ఆర్.ఐ. గొప్పతనమును గూర్చి వాదింప పనిలేదు.

కాని మొదటి గంటలలో ప్రమాణము అది ఒక్కటే కాదు. ఎం.ఆర్.ఐ. అన్ని ఆసుపత్రులలో రాత్రింబగళ్ళు సిద్ధముగా నుండదు. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారిని, శరీరములో లోహపు ముక్కలు గలవారిని విచారింపక లోపలికి పంపరాదు. స్థిరముగా పండుకొనజాలని రోగికి అది కష్టము. సీటీ కొన్ని నిమిషములలో ముగియును. మరియు ఎం.ఆర్.ఐ. కూడ సర్వజ్ఞము కాదు. అనేక పరిశోధనలను కలిపి 2017లో చేసిన లెక్కలో, నిజముగా గడ్డ వలన పక్షవాతము వచ్చినవారిలో సుమారు 7 శాతము మందికి వ్యాపన చిత్రణము మామూలుగా కనబడినది. మెదడు వెనుక భాగమునకు పోవు ధమనులు పూడినప్పుడు ఈ పొరపాటు హెచ్చు. కన్నులు తిరిగి తూలిపడుచున్న రోగికి ఎం.ఆర్.ఐ. మామూలుగా నున్నను వైద్యుడు సందేహమును విడువరాదు.

ఎం.ఆర్.ఐ. నిజముగా ఆధిక్యము చూపు సందర్భమొకటి కలదు. రాత్రి బాగుగా పండుకొన్న మనిషి ఉదయము చేయి పడిపోయి లేచును. వ్యాధి ఎప్పుడు మొదలైనదో ఎవరును చెప్పజాలరు. మందు ఇచ్చుటకు గల గడువు దాటినదో లేదో తెలియదు. ఎం.ఆర్.ఐ.లో ఒక రకపు చిత్రము వ్యాధిని వెంటనే చూపును, మరియొక రకపు చిత్రము కొన్ని గంటల తరువాత మాత్రమే చూపును. మొదటి దానిలో మచ్చ ఉండి రెండవ దానిలో లేనిచో వ్యాధి ఇటీవలనే మొదలైనదని ఊహింపవచ్చును. 2018లో 503 మందిపై జరిగిన పరిశోధనలో, ఈ విధముగా ఎంపిక చేసి మందు ఇచ్చినవారిలో 53 శాతము మంది, ఇవ్వనివారిలో 42 శాతము మంది చక్కగా కోలుకొనిరి. ఇచ్చట ఎం.ఆర్.ఐ. గడియారము పని చేసినది.

ప్రారంభ దశ అనగా ఏది?

పరీక్షింపవలసిన రెండవ మాట ప్రారంభ దశ. క్షయకు, కాన్సరుకు ప్రారంభ దశ ఉన్నట్లు పక్షవాతమునకును నెలల తరబడి సాగు ప్రారంభ దశ కలదని అనేకులు తలతురు. ఇది సరి కాదు. ఈ మాటకు మూడు వేరువేరు అర్థములు కలవు. వాటిని కలగలుపుటచేతనే గందరగోళము పుట్టుచున్నది.

వ్యాధి రాకముందే స్కానింగుతో తెలిసికొనుట మొదటి అర్థము. ఏ బాధయు లేనివాడు ముందుజాగ్రత్త యని మెదడు స్కానింగు తీయించుకొనుట నగరములలో వాడుకగా మారుచున్నది. కాని గడ్డ రేపు అడ్డుపడునా లేదా అను సంగతి నేటి చిత్రములో ఉండదు. నెదర్లాండ్సులోని రాటర్‌డాం నగరమున 2,000 మంది సామాన్య ప్రజలకు ఎం.ఆర్.ఐ. తీసి 2007లో ఫలితములు ప్రకటించిరి. వారికి తెలియకుండగనే జరిగిన పాత పక్షవాతపు మచ్చలు 7.2 శాతము మందిలోను, రక్తనాళపు ఉబ్బులు 1.8 శాతము మందిలోను, ప్రమాదము లేని కంతులు 1.6 శాతము మందిలోను బయటపడినవి. పాత మచ్చ గలవారు రక్తపోటును అదుపులో ఉంచుకొనవలెను. ఆ సలహా స్కానింగు లేకయే ఇవ్వదగినది. మిగిలినవారిలో చాలమందికి లభించునది చికిత్స అక్కరలేని భయము. రక్తపోటు, పొగత్రాగుట, మధుమేహము, గుండెజబ్బు మొదలగు పది కారణముల చేతనే పక్షవాతపు అపాయములో సుమారు 90 శాతము కలుగుచున్నదని 22 దేశములలో జరిగి 2010లో వెలువడిన పరిశోధన తెలిపినది. వాటిలో రక్తపోటు ప్రధానమైనది. దానిని కొలుచుటకు చేతికి చుట్టు పట్టీ చాలును.

ఈ ప్రాంతపు రోగులకు సంబంధించిన మరియొక విషయము ఇచ్చట గమనింపదగినది. పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సుభాష్ కౌల్ మొదలగువారు పక్షవాత రోగుల వివరములను క్రమముగా నమోదు చేసి 2002లో ఫలితములను ప్రకటించిరి. పాశ్చాత్య దేశములలో మెడలోని ధమనులు సన్నబడుట ముఖ్య కారణముగా కనబడగా, హైదరాబాదు రోగులలో పుఱ్ఱె లోపలి ధమనులు సన్నబడుట హెచ్చుగా కనబడినది. మెడపై పెట్టి చూచు డాప్లరు పరీక్ష మామూలుగా ఉన్నదని సంతృప్తి చెందువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఆ పరీక్ష పుఱ్ఱె లోపలి నాళములను చూడదు. రోగము వచ్చినవారిలో కారణమును వెదకునప్పుడు లోపలి నాళములను చూపు సీటీ గాని, ఎం.ఆర్. గాని యాంజియోగ్రాము అవసరమగును.

హెచ్చరిక రెండవ అర్థము. మాట కొన్ని నిమిషములు పడిపోయి మరల వచ్చుట, చేయి కొంతసేపు ఆడక తిరిగి ఆడుట, ఒక కంటికి తెర పడి తొలగిపోవుట వంటి తాత్కాలిక లక్షణములు కొందరికి కలుగును. దీనినే చిన్న స్ట్రోకు అని వాడుకలో అందురు. బాధ తగ్గినది గనుక ఇంటివారు దిష్టి తీసి ఊరకుందురు. పక్షవాతమునకు ప్రారంభ దశ అనదగినది ఏదైన ఉన్నచో అది ఇదే. దీని తరువాతి మొదటి రెండు దినములలో పెద్ద పక్షవాతము వచ్చు అపాయము మిక్కిలి హెచ్చు. లక్షణములు పూర్తిగా తగ్గినవారిలో కూడ సుమారు మూడవ వంతు మందికి వ్యాపన చిత్రణములో మచ్చ కనబడును. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో 2007లో వెలువడిన పరిశోధనలో, ఇట్టివారిని వెంటనే పరీక్షించి ఆనాడే మందులు మొదలుపెట్టుటచేత మూడు నెలలలో పక్షవాతము తిరిగి వచ్చుట 10.3 శాతము నుండి 2.1 శాతమునకు తగ్గినది. స్కానింగుకు, మందునకు ఇంత ఫలమిచ్చు సందర్భము మరియొకటి అరుదు. కాని ఆరోగ్యవంతుడు స్కానింగు తీయించుకొనుచుండగా, ఈ రోగి ఇంటనే ఉండిపోవుట విచారకరము.

వ్యాధి వచ్చిన మొదటి గంటలు మూడవ అర్థము. కాలువకు ఎగువన గండి పడినప్పుడు దిగువ మళ్ళన్నియు ఒక్కసారిగా ఎండవు. కాలువను ఆనుకొని ఉండి వేరు ఆధారము లేని మడి ముందుగా ఎండును. ప్రక్క మడి నుండి కొంత నీరు ఊరుచున్న మళ్ళు వాడిపోయినను కొంతకాలము ప్రాణముతో ఉండును. మెదడులో కూడ అంతే. 100 గ్రాముల మెదడునకు నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తము అందవలెను. అది 20కి తగ్గినచో కణములు పని మానును. 10కి దిగినచో చనిపోవును. ఈ రెండింటి నడుమ ఉన్న భాగము పని మానినను బ్రదికియున్న భాగము. చికిత్స యంతయు దానిని రక్షించుటకే. పెద్ద ధమని పూడినప్పుడు తొడ వద్ద నుండి సన్నని గొట్టమును పంపి గడ్డను బయటికి లాగు పద్ధతి 2015 నుండి స్థిరపడినది. రక్తప్రవాహమును కొలుచు స్కానింగుల సహాయముతో ఇట్టి బ్రదికిన భాగము మిగిలిన రోగులను ఎంచి, 6 నుండి 24 గంటల మధ్య కూడ ఈ చికిత్స చేయవచ్చునని 2018లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. అందులో చికిత్స పొందినవారిలో 49 శాతము, పొందనివారిలో 13 శాతము మంది తమ పనులు తాము చేసికొనగల స్థితికి వచ్చిరి. అయితే 24 గంటలు అందరికిని గల గడువు కాదు. మడి ఎండక మిగిలిన కొద్దిమందికి గల అదృష్టము.

బాట మీద గడచు నిమిషములు

పెద్ద ధమని పూడిన పక్షవాతములో ఒక్కొక్క నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో అమెరికాకు చెందిన జెఫ్రీ సేవర్ లెక్కకట్టెను. అరగంట ఆలస్యమైనచో 5 కోట్ల 70 లక్షలు. ఈ లెక్కను దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ బాటపై పెట్టి చూడవలెను.

2025 జనవరి 17వ తేదీ రాత్రి, దానము చేయబడిన ఒక గుండెను ఎల్.బి.నగర్‌లోని కామినేని ఆసుపత్రి నుండి లకిడీకాపూల్‌లోని మరియొక ఆసుపత్రికి మెట్రో రైలులో తరలించిరి. 13 స్టేషన్లు గల 13 కిలోమీటర్ల దూరమును 13 నిమిషములలో దాటిరి. గుండె నిరీక్షింపజాలదని అందరికిని తెలిసియుండుటచేత ఆ ఏర్పాటు సాధ్యమైనది. అదే బాట క్రింద, ఆటోలో ఒరిగి కూర్చున్న పక్షవాత రోగి మెదడు కూడ నిరీక్షింపజాలదు. ఆ సంగతి ప్రక్కనున్నవారికి తెలియనిచో ఏ ఏర్పాటును జరుగదు.

ఇట్టి సందర్భమున సాధారణముగ జరుగు పొరపాటు ఒకటి కలదు. ఇంటి పెద్దకు మూతి వంకర పోయినది. కుమారుడు తెలివిగా ఆలోచించి, ముందు స్కానింగు తీయించి, ఆ చిత్రము పట్టుకొని పెద్ద డాక్టరు వద్దకు పోదమని దగ్గరలోని స్కానింగు కేంద్రమునకు తీసికొనిపోవును. అచ్చట వరుస, చెల్లింపు, నిరీక్షణ, నివేదిక. తరువాత ఆసుపత్రి. అచ్చట మరల పరీక్ష. ఇంతలో గడువు కరగిపోవును. మోకాలి నొప్పికి ఈ క్రమము సరిపోవును. పక్షవాతమునకు సరిపోదు. రోగిని తీసికొనిపోవలసినది స్కానింగు యంత్రము మాత్రమే ఉన్న చోటికి కాదు. సీటీ యంత్రము, గడ్డను కరిగించు మందు, దానిని ఇవ్వగల వైద్యుడు మూడును రాత్రి పగలు ఒకే కప్పు క్రింద ఉన్న చోటికి. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 వాహనమును పిలుచుట ఉత్తమము. ఏ లక్షణము ఏ సమయమున మొదలైనదో చెప్పుట అంతకన్న ముఖ్యము.

ఆసుపత్రులను బేరీజు వేయు విధానము కూడ మారవలెను. ఎంత గొప్ప యంత్రము కొన్నారన్నది ప్రకటనలలో కనబడును. రోగి గుమ్మము దాటిన పిదప 25 నిమిషములలో సీటీ తీయుట, 60 నిమిషములలో మందు ఎక్కించుట అంతర్జాతీయముగా అంగీకరించిన లక్ష్యములు. ఆ కాలము ఎంత పట్టుచున్నదో సాధారణముగ ఏ ఫలకముపైనను వ్రాయబడదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెటు ఉండిన స్థలములో 1,000 పడకల ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగినది. అట్టి ఆసుపత్రులకు కూడ పడకల లెక్క చాలదు. నిమిషముల లెక్కయే సరియైన కొలబద్ద.

మందు ఇచ్చుటకు ముందు స్కానింగుతో పాటు తప్పక చేయవలసిన రక్తపరీక్ష ఒక్కటే. అది వ్రేలి కొనపై ఒక చుక్క రక్తముతో చక్కెరను చూచుట. చక్కెర బాగుగా తగ్గిపోయినను మాట తడబడి చేయి పడిపోవచ్చును. అట్టివారికి గ్లూకోజు ఎక్కించినంతనే నయమగును. లక్షలు వెలగల యంత్రము చెప్పజాలని సంగతిని ఈ చిన్న పరీక్ష చెప్పుచున్నది.

యంత్రముల మీద అతి విశ్వాసమునకు మందు యంత్రములను నిరసించుట కాదు. స్కానింగు లేకుండ గడ్డను కరిగించు మందు ఇచ్చుట నేరముతో సమానము. నేడు సీటీ చిత్రములోని రక్తస్రావమును కంప్యూటరే గుర్తించి హెచ్చరించు పద్ధతులు వచ్చినవి. చిన్న ఊరిలో తీసిన చిత్రమును నగరములోని నిపుణుడు తన ఫోనులో చూచి సలహా ఇచ్చుచున్నాడు. సీటీ యంత్రమునే వాహనములో అమర్చి రోగి వద్దకు పంపు పద్ధతి 2008లో జర్మనీలో మొదలైనది. అస్సాములో భారత వైద్య పరిశోధన మండలి కూడ అట్టి వాహనమును నడిపి పరిశీలించినది. ఇవన్నియు ఆదరింపదగినవే. ఎందుకనగా ఇవి స్కానింగును రోగికి దగ్గర చేసి కాలమును మిగిల్చుచున్నవి.

కనుక ప్రజలలో స్థిరపడిన నమ్మకమును ఈ విధముగా సవరింపవలెను. మూతి వంకర, చేయి వాలుట, మాట తడబాటు, చూపు తగ్గుట, తూలు నడక, వీటిలో ఏది అకస్మాత్తుగా కనబడినను పక్షవాతమును గుర్తింపవలసినది ముందుగా ఇంటివారే. అది ఏ రకమో తేల్చుటకు స్కానింగు కావలెను. ఆ స్కానింగు మామూలుగా ఉన్నదని చెప్పినప్పుడు ఇంటివారు ఇంటికి పోవుదమని అడుగరాదు. మందు ఇచ్చుటకు ఇంకను సమయము ఉన్నదా అని అడుగవలెను.